గుత్తికోట సర్దారు మురారిరావు ఘోర్పడే

బత్తలపల్లె నుండి అనంతపురము మీదుగా ఉత్తరముగా పోవు బాటసారికి గుత్తికొండ చాల దూరమునుండియే కానవచ్చును. ఆదివారమునాడో, సంక్రాంతి సెలవులలోనో పిల్లలను వెంటబెట్టుకొని, చద్దిమూట కట్టుకొని ఆ కొండ యెక్కివచ్చు కుటుంబములు ఈ సీమలో పెక్కు గలవు. పిల్లలు మొదట వెదకునవి ఫిరంగులు. పెద్దలు వారికి ముందుగా చూపదగినవి మాత్రము కొండపై రాతిని తొలిచి చేసిన నీటి గుండములు. ఈ దుర్గమునేలిన మురారిరావు ఘోర్పడే భాగ్యము ఆ గుండముల యంచుననే ముగిసినది.

మురారిరావు మహారాష్ట్రుడు. ఔరంగజేబు సేనలను ముప్పుతిప్పలు పెట్టిన శంతాజీ ఘోర్పడే పుట్టిన వంశమే ఆయనదియు. 1741లో మహారాష్ట్ర సైన్యము తిరుచిరాపల్లిని పట్టుకొని చందాసాహేబును బందీగా కొనిపోయినప్పుడు, ఆ కోటను కాపాడు భారము మురారిరావున కప్పగింపబడెను. రెండేండ్లకే నిజాముల్ ముల్కు పెద్ద సేనతో వచ్చి దానిని తీసికొనెను. తరువాత ఈ సర్దారు గుత్తిని తన స్థానముగా చేసికొని, దుర్గమును బాగుచేయించి, చుట్టుపట్ల పాలెగాండ్రవలన కప్పము గైకొనుచు ఇంచుమించు స్వతంత్రుడుగా వర్తించెను.

ఆర్కాటు ముట్టడి యనగానే పాఠ్యపుస్తకములలో క్లైవు పేరొక్కటే వినబడును. 1751లో క్లైవు ఆ కోటలో చిక్కుపడియున్నప్పుడు మురారిరావు గుఱ్ఱపుదళము అతనికి తోడ్పడుటకు కదలినది. ఆ కదలిక వినియే శత్రువులు తొందరపడి కోటపై కలియబడి ఓడిపోయిరి. అంతమాత్రమున ఈయన ఆంగ్లేయుల మిత్రుడని తలపరాదు. రెండేండ్లు తిరుగకమున్నే ఫ్రెంచివారి పక్షమున జేరెను. 1756లో సావనూరు నవాబుతో గూడి పీష్వాకే ఎదురు నిలిచెను. డబ్బు ముట్టినచోటికి పోవు కిరాయి సేనాని యని కొందరు చరిత్రకారులు ఆయనను ఈసడించిరి. ఆ మాటలో అబద్ధము లేదు గాని, ఆ కాలమున దక్షిణదేశమున ఆ పని చేయని సర్దారు ఎవడో చెప్పుట కష్టము. గుఱ్ఱములకు దాణాయు, రౌతులకు జీతమును ఇయ్యలేనివాని సైన్యము మరునాటికి మరియొకని సైన్యమగుచుండెను. ఆయన గుఱ్ఱపురౌతులకు మాత్రము ప్రతిపక్షులును జోహారు చేసిరి.

అట్టి చతురుడు కడవరకు లొంగదీయలేని ప్రత్యర్థి హైదరాలీ. 1762 ప్రాంతమున హైదరు పెనుగొండను, మడకసిరను మురారిరావునుండి లాగికొనెను. 1768లో మురారిరావు ఆంగ్లేయులతో జేరి హోసకోట యొద్ద విడిసియుండగా హైదరు రాత్రివేళ ఆయన శిబిరముపై బడి, చీకటిలో చావుదెబ్బ తిని వెనుదిరిగెను. ఇరువురి వైరమునకు అప్పటినుండి మాఫీ లేకపోయినది. 1773లో పీష్వా నారాయణరావు హత్యతో పూనాలో అంతఃకలహములు రేగెను. ఇదియే అదనుగా హైదరు 1775లో బళ్లారిని జయించి గుత్తిమీదికి నడచెను.

ఊరు మొదట పడిపోయినది. కొండపై కోట పడలేదు. నిటారుగా నిలిచిన ఆ బండలమీద ఫిరంగి గుండ్లకు పని లేదు. కావుననే హైదరు కొండను చుట్టుముట్టి కాచుకొని కూర్చుండెను. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు ఈ సీమలో, ఆ వానలో పెద్దపాలు ఆశ్వయుజ కార్తికములకే తీరిపోవును. ఆ తరువాత గుండమున నున్నదే నీరు. ఊరివిడిచి పైకెక్కిన జనమును, వారితోడి గుఱ్ఱములును పశువులును త్రాగుచుండగా నీటిమట్టము దినదినము దిగజారెను. బత్తలపల్లె చుట్టుపట్ల పిల్లలకు ఈ ఘట్టమును వేరుగా వివరింపనక్కరలేదు. వేసవిలో బిందె బరువెంతయో వారి నడుములకు తెలియును.

తరువాతి కథ మైసూరు చరిత్ర వ్రాసిన మార్కు విల్క్సు వలన తెలియుచున్నది. దాహమునకు తాళలేక మురారిరావు సంధికి దిగెను. కొంత ధనమిచ్చుటకును, మిగిలినదానికి జామీనుగా ఒకనిని పంపుటకును ఒడంబడిక కుదిరెను. జామీనుగా వచ్చిన యువకునికి హైదరు మనుష్యులు విందు చేసి తియ్యగా మాటలాడిరి. అతడు పౌరుషమునకు పోయి, తమను ఓడించినది శత్రువు కాదనియు, నీటి కరవేయనియు, కోటలో మూడుదినములకు సరిపడు నీరే మిగిలినదనియు నోరుజారెను. ఆ మాట హైదరు చెవిని బడగానే సంధి గాలికి పోయెను. ముట్టడి మరల బిగిసెను. 1776లో గుత్తి హైదరు వశమయ్యెను. అన్ని ఏండ్లు రాయబారములతో, ఎత్తులతో బ్రదికిన సర్దారునకు ఒక కుఱ్ఱవాని మాటతుళ్లు యమపాశమగుట చూచిన, కోట రహస్యములలో మొదటిది నీటి లెక్కయే యని తోచును.

మురారిరావును మొదట శ్రీరంగపట్టణమునకు, పిదప కబ్బాలదుర్గమునకు కొనిపోయిరి. కబ్బాలదుర్గము హైదరు శత్రువులకు పేరుమోసిన చెఱ. ఆయన అచ్చటనే తనువు చాలించెను.

ఇప్పుడు గుత్తికోట పైకెక్కినవారు, కొండ అంచున సున్నపు పూతతో నున్నగా నిలిచిన చిన్న మండపమును చూతురు. దానిని మురారిరావు గద్దె యందురు. ఆయన అందు కూర్చుండి చదరంగమాడెడివాడనియు, శిక్షపడినవారిని అచటినుండి క్రిందికి త్రోయించెడివాడనియు జనశ్రుతి. దాని నిజానిజముల మాట యటుండ, ఆ అంచున నిలిచి లోయలోనికి తొంగిచూచు పిల్లల చేతులు మాత్రము పెద్దలు గట్టిగా పట్టుకొనవలెను. దిగువను కొండపాదమున తెల్లదొరల శ్మశానమున్నది. 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోయిన మదరాసు గవర్నరు సర్ తామస్ మన్రోను తొలుత అచ్చటనే పాతిపెట్టిరి. 1831లో అస్థికలను మదరాసులోని సెయింట్ జార్జి కోట చర్చికి తరలించిరి. ఆ కోటలోనే 1948లో నెలకొల్పిన మ్యూజియములో కత్తులును తుపాకులును అద్దాల పెట్టెలలో కుదురుగా చూడవచ్చును. గుత్తిలో చూడవలసినది గుండములలోని అడుగునీరు. వానలు కురిసిన యేడు పోయినవారికి అది కొంత కనబడును. వేసవిలో పోయినవారు రాతిపై మిగిలిన పాకుడు గీతలను చూచి, మెట్లు దిగి, మధ్యాహ్నపు ఎండకు ముందుగానే బస్సెక్కుదురు.