వేమారెడ్డి రాజెట్లా అయ్యాడు?

హైస్కూల్లో రాజవంశాల పట్టికలు కంఠతా పట్టాం. ఫలానా వాని కొడుకు ఫలానా, ఆ ఫలానా వాని తమ్ముడు ఇంకొకడు. అంతా బాగానే ఉంది. కానీ ఆ పట్టికలో అందరికంటే పైన కూర్చున్నవాడి సంగతేమిటి? వాడి తండ్రి రాజు కాడు గదా! మరి వాడికి రాజ్యం ఎవరిచ్చినట్టు? సైన్సు విద్యార్థికి చరిత్రతో పనేమిటని మిత్రులు నవ్వవచ్చు. మొదటి కారణం వెదకడమే కదా మాకు నేర్పే చదువు.

అలాంటి మొదటివాడు మన నేలమీదనే ఒకడున్నాడు. గుండ్లకమ్మ ఒడ్డున అద్దంకి రాజధానిగా 1325 ప్రాంతంలో రెడ్డి రాజ్యాన్ని నిలబెట్టిన ప్రోలయ వేమారెడ్డి. తండ్రి ప్రోలారెడ్డి, తల్లి అన్నమాంబ. తాత పేరు కూడా వేమారెడ్డే. పంట కులంవాళ్ళు, అంటే సేద్యం మీద బతికిన వంశం. రాజైనవాడు సూర్యుణ్ణో చంద్రుణ్ణో మూలపురుషుణ్ణి చేసుకోవడం ఆనాటి రివాజు. రెడ్డిరాజుల శాసనాలు మాత్రం తమది నాలుగో వర్ణమని దాచకుండా చెబుతాయి. గంగ పుట్టిన విష్ణుపాదం నుంచే తామూ పుట్టామని అందులోనే గొప్పతనం వెదుక్కున్నాయి. ఈ సంగతి చదివినప్పుడు నాకు భలే ముచ్చటేసింది.

ఇకపోతే జనం చెప్పుకునే కథ వేరు. శ్రీశైలం అడవుల్లో ఒక వైశ్యుడికి పరుసవేది దొరికిందట. ఊరికి తిరిగొస్తూ ఒక రెడ్డి ఇంట్లో బస చేశాడట. ఆ రసం చుక్క తగిలి ఇనుము బంగారమైంది. అది చూసిన ఇంటాయన దాన్ని కాజేసి కొంపకు నిప్పంటుకుందన్నాడు. వైశ్యుడు రసం కోసం మంటల్లో దూకి చచ్చిపోయాడు. ఆ పాపం పోవడానికే వంశంలో వేముడనీ కోమటి అనీ పేర్లు పెట్టుకుంటూ వచ్చారంటారు. తర్వాతి కాలంలో రాజ్యమేలిన పెదకోమటి వేమారెడ్డి పేరు చూపించి రుజువు కూడా లాగుతారు.

ఇనుము పరమాణువులో ప్రోటాన్లు 26, బంగారంలో 79. ఏ రసమూ ఆ తేడా పూడ్చలేదు. అయినా ఈ కథను నేను కొట్టిపారెయ్యను. కొత్తగా రాజయినవాడి సొమ్ము ఎక్కడిదన్న అనుమానం ఊళ్ళో జనానికి ఉందన్నమాట. ఆ అనుమానం న్యాయమైనదే.

అసలు జరిగింది చూద్దాం. 1323లో ఢిల్లీ సైన్యం ఓరుగల్లును పట్టుకుంది. ప్రతాపరుద్రుణ్ణి బందీగా తీసుకుపోతుంటే దారిలోనే నర్మదాతీరాన చనిపోయాడు. కాకతీయ రాజ్యం కుప్పకూలింది. శిస్తు ఎవరికి కట్టాలో, చెరువు తెగితే ఎవరితో చెప్పుకోవాలో తెలియని రోజులు. ఒక ఏడాది నీటి తగాదా తీర్చేవాళ్ళు లేకపోతే ఊరు ఎట్లా ఉంటుందో మా ఇళ్ళల్లో అందరికీ తెలుసు. అది దేశమంతా అయితే ఎట్లా ఉంటుందో ఊహించుకోండి.

అప్పుడు నాయకులు కూడబలుక్కున్నారు. గోదావరి ప్రాంతంలో ముసునూరి ప్రోలయ నాయకుడు ముందు నిలిచాడు. అతని తర్వాత కాపయ నాయకుడు 1336లో ఓరుగల్లును తిరిగి పట్టాడు. ఆ కాపయను 75 మంది నాయకులు కొలిచారనీ, ఆయన పోయాక ఎవరి ఊళ్ళకు వాళ్ళు వెళ్ళి ఏలుకున్నారనీ కలువచేరు శాసనం (1423) చెబుతుంది. ఎంత మామూలుగా చెప్పిందో చూడండి! ఎవరి ఊళ్ళకు వాళ్ళు వెళ్ళడమే రాజ్యమయింది. మన వేమారెడ్డి అంతదాకా ఆగలేదు, ముందే అద్దంకిలో స్థిరపడ్డాడు.

ఆయన కోటలు బాగుచేయించాడు, కొత్తవి కట్టించాడు. కృష్ణకూ గుండ్లకమ్మకూ నడుమ ఉన్న కొండలన్నీ కాపలా కొండలయినాయి. కానీ కోటలో మనుషులకు తిండి కావాలి. నల్లరేగడి ఇచ్చే గింజ ఉంది. గింజ ఒక్కటే చాలదు, నగదు కావాలి. అది సముద్రం మీదనుంచి రావాలి. వేమారెడ్డి తమ్ముడు మల్లారెడ్డి మోటుపల్లి రేవును గెలవడం నా దృష్టిలో ఈ కథకంతటికీ ఆయువుపట్టు.

మోటుపల్లి అప్పుడు మామూలు ఊరు కాదు. చితికిన ఓడల సరుకును రాజు కాజెయ్యడని 1244లోనే గణపతిదేవుడు అక్కడ అభయశాసనం వేయించాడు. చందనం, కర్పూరం, ముత్యాలు, మిరియాలు ఆ రేవున దిగేవి. మార్కోపోలో ఈ రేవును గురించి రాస్తూ ఇక్కడి నూలుబట్ట సాలెగూడంత సన్నమని మెచ్చుకున్నాడు. అంటే మన పత్తికి అప్పటికే పేరుంది. (మిర్చి మాత్రం లేదు సుమా! అది అమెరికా ఖండంలో పుట్టిన పైరు, పోర్చుగీసువాళ్ళు వచ్చాకే మనకు దక్కింది. వేమారెడ్డి పచ్చడిలో కారమంటే మిరియమే!)

కండబలం, ధనబలం కుదిరాయి. ఇక మిగిలింది పెద్దమనిషి అనిపించుకోవడం. గొడవల్లో చెడిపోయిన అగ్రహారాలను నిలబెట్టి భూములు తిరిగి ఇచ్చాడు. శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడు. అరణ్యపర్వ శేషాన్ని పూరించిన ఎఱ్ఱాప్రగడను ఆస్థానానికి రప్పించుకున్నాడు. ఎఱ్ఱన హరివంశాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. రామాయణం కూడా రాసి అంకితమిచ్చాడు గానీ అది మనకు దక్కలేదు. భూమి పొందినవాడు, కావ్యం రాసినవాడు, మెట్లెక్కి దేవుణ్ణి చూసినవాడు ఆయన్ని రాజంటే ఇక కాదనేదెవరు? ఇది ఎత్తుగడేనా, భక్తేనా అని మా హాస్టలు గదిలో రాత్రి రెండింటిదాకా వాదించుకున్నాం. రెండూ అని నా మతం. మెట్లు కట్టించడానికి అయ్యే ఖర్చు ఉత్త ఎత్తుగడకు ఎవరూ పెట్టరు.

మరి ఆ ఖర్చు ఎవరిది? అన్నం పెట్టింది నల్లరేగడి, దాన్ని దున్నినవాళ్ళు. వాళ్ళ పేర్లు ఏ పట్టికలోనూ లేవు. ఈ రోజున వేమారెడ్డి మావాడంటే మావాడని మీసం తిప్పేవాళ్ళు మన కాలేజీలోనూ ఉన్నారు. తిప్పితే తిప్పారు. ఆయన కోటకు రాళ్ళు మోసినవాళ్ళ మనుమలు కూడా వాళ్ళ పక్క బెంచీల్లోనే ఉండొచ్చు గదా, వాళ్ళకు మాత్రం ఆయన మీద హక్కు లేదా?

1353లో వేమారెడ్డి తర్వాత కొడుకు అనవోతారెడ్డి గద్దెకెక్కాడు. రాజధాని కొండవీడుకు మారింది. 1358లో అనవోతారెడ్డి కూడా మోటుపల్లిలో వర్తకులకు అభయశాసనం వేయించాడు. తాము దేనిమీద నిలబడ్డారో కొడుకుకు బాగా తెలుసు. తర్వాత అనవేముడు, కుమారగిరి, పెదకోమటి వేముడు ఏలారు. ఆఖరివాడు రాచవేముడు. బిడ్డ పుడితే పురిటి సుంకం కట్టమన్నాడనీ, అది భరించలేక సవరం ఎల్లయ్య అనేవాడు అతణ్ణి పొడిచి చంపాడనీ మన వైపు చెప్పుకుంటారు. కొండవీటి రెడ్ల ఏలుబడి 1424తో ముగిసింది. అద్దంకిలో మొదలై అప్పటికి ఇంకా నిండా నూరేళ్ళు కాలేదు.