రంధ్రధారుల శాస్త్రజ్ఞుడు

సముద్రతీరపు ఇసుక సామాన్యునికి ఇసుకయే. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆల్సీడ్ దోర్బిన్యీకి మాత్రం అదొక అపూర్వ జీవలోకం. 1802లో నాంత్ నగర సమీపాన కుయెరాన్‌లో జన్మించిన ఇతడు లా రొషెల్ తీరప్రాంతంలో పెరిగాడు. వైద్యుడైన తండ్రి చెంత, ఇసుకలోని అతిసూక్ష్మమైన గుల్లలను సూక్ష్మదర్శినితో పరిశీలించడం అభ్యసించాడు.

పెక్కు గుల్లలలో గదులు. గదికీ గదికీ నడుమ రంధ్రాలు. అందువల్ల 1826లో వాటికి ‘ఫొరామినిఫెరా’, అనగా రంధ్రధారులు, అని నామకరణం చేశాడు. గదులు ఒకే వరుసలో ఉన్నవి, జడ అల్లికవలె రెండు వరుసలైనవి, నత్తగుల్లవలె చుట్టుకొన్నవి అని రూపాన్నిబట్టి విభజించాడు. కంటికానని ఆ ఆకృతులను లోకానికి చూపుటకై 100 పెద్ద నమూనాలు రూపొందించాడు. అయితే ఆ జీవులను ఆక్టోపస్ వంటి శీర్షపాదులుగా భావించాడు.

ఆ సంవత్సరమే పారిస్ మ్యూజియం పక్షాన దక్షిణ అమెరికాకు వెళ్లి, 1834లో తిరిగివచ్చాడు. మరుసటి ఏడు దుజార్దెన్ అనే శాస్త్రజ్ఞుడు సజీవ ప్రాణులను పరిశీలించి, గుల్లలో అవయవాలేవీ లేవని, సన్నని పోగులుగా వెలువడే జీవపదార్థమే ఉన్నదని నిరూపించాడు. అవి అమీబాకు బంధువులు! కీర్తి తెచ్చిన సిద్ధాంతం కూలినా దోర్బిన్యీ పంతానికి పోలేదు. 1839 నాటి క్యూబా గ్రంథంలో వాటిని ప్రత్యేక తరగతిగా అంగీకరించాడు.

1853లో పారిస్ మ్యూజియంలో అతనికై పురాజీవశాస్త్ర పీఠం ఏర్పడింది. 1857లో అతడు మరణించాడు. నేటి వర్గీకరణకు గుల్ల గోడ నిర్మాణం, జన్యువులు ఆధారాలు. అతని విభాగాలు చెరిగిపోయాయి. కాని రాతిపొరల వయస్సు నిర్ణయించేవారు, చమురు అన్వేషకులు ఆ జీవులను నేటికీ అతడు పెట్టిన పేరుతోనే పిలుస్తున్నారు. సత్యం ఎదుట తలవంచినవాని పేరు చెక్కుచెదరలేదు.