రెంబ్రాంటు ఇంటి వేలము

1656వ సంవత్సరము జూలై 25, 26 తేదీలలో ఆమ్‌స్టర్‌డాం నగరమునందలి ఒక పెద్ద మేడలో దివాలా వ్యవహారములు చూచు న్యాయశాఖవారు గదిగదికిని తిరిగి వస్తువుల పట్టిక వ్రాసుకొనిరి. వీధిగదితో మొదలిడి మేడమీది చిత్రశాల వరకు వారు విడిచిపెట్టిన తావు లేదు. గోడలనున్న చిత్రపటములు, రోమక చక్రవర్తుల శిరోప్రతిమలు, శిరస్త్రాణములు, గవ్వలు, పగడపు కొమ్మలు, సింహపు తోళ్లు, కుర్చీలు, పరుపులు, వంటపాత్రలు అన్నియు పట్టికకెక్కెను. చిట్టచివరకు చాకలివద్దనున్న కొన్ని చొక్కాలు, చేతిరుమాళ్లు, బల్లగుడ్డలు కూడ అందు చేరెను. మొత్తము 363 పద్దులు. ఆ యింటి యజమాని నాటి యూరపు చిత్రకారులలో అగ్రగణ్యుడగు రెంబ్రాంటు. అప్పులు తీర్చు దారి కానక అతడు తన సర్వస్వమును ఋణదాతల కొప్పగించెను. వేలములలో వస్తువులు కొని కూర్చిన యిల్లు ఇప్పుడు తానే వేలమునకు వచ్చెను.

రెంబ్రాంటు 1606వ సంవత్సరము జూలై 15వ తేదీన హాలెండునందలి లైడెన్ పట్టణమున జన్మించెను. తండ్రి గాలిమర నడపి జీవించువాడు. తల్లి రొట్టెలు కాల్చువాని కుమార్తె. కుమారుడు విద్యావంతుడై పట్టణమునకు సేవ చేయవలెనని వారి కోరిక. అందుచే లాటిను పాఠశాలకు పంపిరి. 1620లో లైడెన్ విశ్వవిద్యాలయమున అతని పేరు నమోదయ్యెను. కాని బాలుని మనస్సు గ్రంథములకంటె బొమ్మలమీదనే నిలిచెను. లైడెన్‌లో స్వానెన్‌బుర్ఖ్ అను చిత్రకారునికడ సుమారు మూడేండ్లును, ఆమ్‌స్టర్‌డాంలో పీటర్ లాస్ట్‌మన్ కడ ఆరు నెలలును శిష్యరికము చేసి, ఇరువదియేండ్ల ప్రాయమునకే సొంతముగా చిత్రములు వ్రాయుచుండెను.

1631 ప్రాంతమున అతడు ఆమ్‌స్టర్‌డాం చేరెను. అప్పటికి ఆ నగరము ప్రపంచ వాణిజ్యమునకే పట్టుగొమ్మ. ఓడలలో లాభము గడించిన వర్తకులు తమ రూపములను పటములపై నిలుపుకొనుటకు ఉవ్విళ్లూరుచుండిరి. 1632లో రెంబ్రాంటు వ్రాసిన డాక్టరు టుల్ప్ శరీరశాస్త్ర పాఠమను చిత్రముతో అతని కీర్తి నగరమంతట వ్యాపించెను. చిత్రవర్తకుడైన హెండ్రిక్ ఉలెన్‌బుర్ఖ్ అతనికి పని కల్పించెను. ఆ వర్తకుని బంధువు, కలిగిన యింటి ఆడపడుచు అయిన సాస్కియాను రెంబ్రాంటు 1634లో వివాహమాడెను.

ఆ కాలమున ఆమ్‌స్టర్‌డాంలో ధనికుడు మరణించినను, వర్తకుడు దివాలా తీసినను వాని ఇంటి సామాను వేలమునకు వచ్చెడిది. ఇటలీ చిత్రములు, జర్మను ముద్రాచిత్రములు, దూరదేశపు ఆయుధములు, నగలు ఒక యింటినుండి మరియొక యింటికి ఆ త్రోవనే సాగిపోయెడివి. రెంబ్రాంటునకు ఈ వేలములపై తగని మోజు. 1637లో రూబెన్స్ వ్రాసిన ఒక చిత్రమునకై 424 గిల్డరులకు పైగా వెచ్చించెను. తోటి చిత్రకారుల పటము వేలమునకు వచ్చినప్పుడు మొదటి పాటనే మిక్కిలి హెచ్చుగా పాడి, ఇతరులు నోరు మెదపకుండ చేయునని ఇటలీ రచయిత బాల్దినుచ్చి తరువాతి కాలమున వ్రాసెను. చిత్రకళకు గౌరవము పెంచుటకే అతడట్లు చేసెనట.

1639లో వాన్ ఉఫెలన్ అను వర్తకుని సంగ్రహము వేలమునకు వచ్చెను. అందు రాఫేలు వ్రాసిన కాస్టిగ్లియోనె ప్రతిరూపము 3,500 గిల్డరులకు అమ్ముడుపోయెను. రెంబ్రాంటు దానిని కొనలేదు. ఆ వేలమున చూచిన పటమునకు ఒక కాగితముపై త్వరత్వరగా నకలు గీసి, దాని ప్రక్కనే ధర కూడ వ్రాసికొనెను. మరుసటి సంవత్సరము అదే భంగిమలో తన ప్రతిరూపమును తాను చిత్రించుకొనెను. చేతికి చిక్కని వస్తువును కంటితో తెచ్చుకొనుట అతనికి తెలిసిన విద్య. కాని అంతటితో తృప్తిపడు స్వభావము అతనిది కాదు.

ఆ సంవత్సరమే సింట్ ఆంథోనీ వీధిలో 13,000 గిల్డరులకు ఒక మేడను బేరము చేసెను. కొంత సొమ్ము ముందు చెల్లించి తక్కినది కొన్నియేండ్లలో తీర్చునట్లు ఒప్పందము. చేతినిండ పని, తగిన ప్రతిఫలము ఉన్న రోజులవి. అయినను బాకీ తీర్చుటకంటె కొత్త వస్తువులు కొనుటయే అతనికి ముఖ్యమయ్యెను. భార్య పిత్రార్జితమును నగలకు, ఆడంబరములకు తగులబెట్టుచున్నాడని సాస్కియా బంధువులు నిందింపగా, 1638లోనే అతడు వారిపై పరువునష్టపు దావా వేసి ఓడిపోయెను. ఆ నిందలో కొంత సత్యము లేకపోలేదు.

ఇంతలో ఇంటికి చీకటి క్రమ్మెను. సాస్కియాకు కలిగిన మొదటి ముగ్గురు శిశువులును పురిటిలోనో, కొద్ది వారములకో గతించిరి. 1641లో పుట్టిన టైటస్ ఒక్కడే దక్కెను. 1642 జూన్ 14వ తేదీన సాస్కియా మరణించెను. నేడు జగత్ప్రసిద్ధమైన రాత్రిపహరా చిత్రము పూర్తియైనదియు ఆ యేడే. సాస్కియా తన భాగమును టైటస్‌కు వ్రాసి, రెంబ్రాంటు మరల పెండ్లాడనంత కాలము దాని ఫలము ననుభవించుటకు హక్కు నిచ్చెను. తరువాత లెక్క కట్టగా దంపతుల ఉమ్మడి ఆస్తి 40,750 గిల్డరులని తేలెను. అందు సగము ఆ పసివానిది.

టైటస్‌ను పెంచుటకు గేర్ట్యే అను వితంతువు ఇంటికి వచ్చెను. రెంబ్రాంటు ఆమెతో సహజీవనము చేసి, సాస్కియా నగలను కొన్నిటిని ఆమె కిచ్చెను. వానిలో వజ్రపుటుంగరము కూడ ఉండెను. హెండ్రిక్యే స్టోఫెల్స్ అను యువతి ఇంటికి వచ్చిన పిమ్మట గేర్ట్యే స్థానము తారుమారయ్యెను. పొట్ట గడువక ఆమె నగలను కుదువబెట్టగా తగవు న్యాయస్థానమున కెక్కెను. 1649లో ఆమెకు సాలుకు 200 గిల్డరుల భరణము విధింపబడెను. మరుసటి యేడు ఆమెను గౌడా పట్టణపు దిద్దుబాటు గృహమున నిర్బంధించుటలో రెంబ్రాంటు హస్తము కలదు. ఆమె 1655లో గాని వెలుపలికి రాలేదు. అతని చిత్రములలో కన్పించు కరుణ ఈ వ్యవహారమున మచ్చునకైన కానరాదు. జీవితచరిత్ర వ్రాయువారు ఈ మచ్చను కప్పిపుచ్చరాదు.

1652 నుండి 1654 వరకు ఇంగ్లండుతో జరిగిన నౌకాయుద్ధము వలన ఆమ్‌స్టర్‌డాం వర్తకము దెబ్బతినెను. మేడ అమ్మిన ఆసామి 1653లో ఎనిమిదివేల గిల్డరులకు పైబడిన బాకీని గట్టిగా అడిగెను. రెంబ్రాంటు ఆ బాకీకై కొత్త అప్పులు చేసెను. కార్నేలిస్ విట్సెన్ 4,180, హెర్ట్స్‌బేక్ 4,200, మిత్రుడు యాన్ సిక్స్ 1,000 గిల్డరులు ఇచ్చిరి. 1655 డిసెంబరున కైజర్స్‌క్రోన్ అను సత్రమున గది అద్దెకు తీసికొని కొన్ని వస్తువుల నమ్మజూచెను. అదియు చాలకపోయెను. 1656 మే నెలలో ఇంటిని టైటస్ పేరికి మార్పించి, జూలైలో ఆస్తి నప్పగించుటకు న్యాయస్థానమును వేడుకొనెను. దానితో గుమాస్తాలు కలముతో ఇంట ప్రవేశించిరి.

ఆ పట్టికను చదువువారికి అది ఒక చిత్రకారుని మనస్సునకే వ్రాసిన పట్టిక వలె తోచును. హోమరు, సోక్రటీసు, అరిస్టాటిలుల ప్రతిమలు, భూగోళములు, లూకాస్ వాన్ లైడెన్, మాంటెన్యా మొదలగువారి ముద్రాచిత్రములు నిండిన సంపుటములు అందు గలవు. శిరస్త్రాణము సైనికుని చిత్రమునకును, పాత పట్టువస్త్రము బైబిలు గాథలోని రాజునకును పనికివచ్చెడిది. పుస్తకములు మాత్రము బహు కొద్ది.

భారతదేశపు సూక్ష్మచిత్రములను కూడ రెంబ్రాంటు ఎరుగును. డచ్చి తూర్పుఇండియా కంపెనీకి సూరతులోను, తెలుగు తీరమున మచిలీపట్టణములోను వర్తకశాలలుండెను. ఇక్కడి బట్టలతోపాటు కళావస్తువులు కూడ తూర్పు ఓడలలో ఆమ్‌స్టర్‌డాం చేరుచుండెను. మొగలు చిత్రములను చూచి రెంబ్రాంటు ఇరువదికి పైగా నకళ్లు గీసెను. చెట్టుక్రింద కూర్చున్న నలుగురు వృద్ధులు, షాజహాను చక్రవర్తి వానిలో దర్శనమిత్తురు. దివాలా తీసిన ఆ సంవత్సరములలోనే ఈ నకళ్లు గీయబడెను. వస్తువు చేజారిపోవు వేళ రాఫేలు పటమునకు చేసినట్లే కంటితో దాచుకొనెను.

1656 నుండి 1658 వరకు వేలములు విడతలుగా సాగెను. ఆ శాఖ తరఫున వేలముల పని చూచిన థామస్ హారింఖ్ ముఖమును 1655 ప్రాంతమున రెంబ్రాంటే రాగిరేకుపై గీసి అచ్చు తీసియుండెను. జీవితకాలమంతయు కూర్చిన ముద్రాచిత్రములకు, రేఖాచిత్రములకు సుమారు 600 గిల్డరులు మాత్రమే వచ్చెను. ఒక్క రాఫేలు పటమునకు పందొమ్మిదేండ్లనాడు పలికిన ధరలో అది సుమారు ఆరవవంతు మాత్రమే. 1658 ఫిబ్రవరిలో మేడ 11,218 గిల్డరులకు పోయెను. మాల్ అమ్మక తప్పదని ఎరిగిన కొనుగోలుదారు పాట పెంచడు. హెచ్చుపాట పాడి కళకు గౌరవము కూర్చిన మనిషి వస్తువులకు హెచ్చుపాట పాడువారు లేకపోయిరి.

టైటస్ ఆ వేలమున నల్లచేవ చట్రము గల ఒక నిలువుటద్దమును తిరిగి కొనెను. దానిని కూలివాని తలపై పెట్టించి యింటికి తెచ్చుచుండగా, వంతెన దాటునప్పుడు అద్దము పెటిలిపోయెను. దేనికిని తగులకుండనే అది పగిలెనని చూచినవారు నోటరీ యెదుట వాంగ్మూలమిచ్చిరి. ఇంట మిగిలిన దేదియో ఒకటి కాపాడుకొనవలెనను పదునారేండ్ల బాలుని ఆశ ఆ కాగితములలో నేటికిని నిలిచియున్నది.

కుటుంబము రోజన్‌ఖ్రాక్ట్ వీధిలో సాలుకు 225 గిల్డరుల అద్దె యింటికి మారెను. 1660లో హెండ్రిక్యే, టైటస్ కలిసి చిత్రవర్తక సంస్థ స్థాపించి రెంబ్రాంటును అందు పనివానిగా పెట్టుకొనిరి. అతడు వ్రాసినదెల్ల సంస్థ సొత్తు. కనుక ఋణదాతలు తాకజాలరు. ప్రపంచ ప్రఖ్యాత చిత్రకారుడు కన్నకొడుకుకడ జీతగాడయ్యెను. కాని కుంచె దివాలా తీయలేదు. మేడ పోయిన 1658లోనే బంగారువన్నె వస్త్రములతో, చేత దండముతో, సింహాసనమున కూర్చున్న రాజువలె తన్ను తాను చిత్రించుకొనెను. బట్టల వర్తక సంఘపు పెద్దల చిత్రము 1662 నాటిది. ఆ యేడే పేదరికము వలన సాస్కియా సమాధిస్థలమును కూడ అమ్ముకొనెను.

టైటస్ సొమ్ముకై సంరక్షకుడు ఏండ్ల తరబడి వ్యాజ్యము నడపెను. హెర్ట్స్‌బేక్ ముందుగా తీసికొన్న పైకము తిరిగి యీయవలసి వచ్చెను. 1665లో టైటస్‌కు 6,952 గిల్డరులు చేరెను. తల్లి భాగముగా రావలసినదానిలో అది మూడవవంతు మాత్రమే. తండ్రి కొనిన అందములకు కుమారుడు చెల్లించిన వెల అది.

1663లో హెండ్రిక్యేయు, 1668లో నవవివాహితుడైన టైటస్‌ను మరణించిరి. 1669 అక్టోబరు 4వ తేదీన రెంబ్రాంటు కన్నుమూసెను. వెస్టర్‌కెర్క్ దేవాలయమున అద్దెకు తీసికొన్న గుంటలో అతనిని పూడ్చిరి. మరునాడే నోటరీ వచ్చి పట్టిక వ్రాయగా, మూడు గదులలో చిత్రములు, రేఖాచిత్రములు, అరుదైన వస్తువులు, ప్రాచీన వస్తువులు కనబడెను. అన్నియు పోగొట్టుకొనిన ముదుసలి మరల సంగ్రహింప నారంభించెను!

సింట్ ఆంథోనీ వీధిలోని మేడ 1911 నుండి రెంబ్రాంటు ప్రదర్శనశాల. 1990ల చివర దానిని పూర్వరూపమున తీర్చిదిద్దినపుడు ఏ గదిలో ఏమి యుండెనో తెలుపుటకు 1656 నాటి గుమాస్తాల పట్టికయే ఆధారమయ్యెను. ఇల్లు చెదరగొట్టుటకు వ్రాసిన కాగితమే ఇల్లు కూర్చుటకు సాయపడెను.

ఆ పట్టికలోని హోమరు ప్రతిమను తలపించు చిత్రమొకటి రెంబ్రాంటు 1653లో వ్రాసెను. అరిస్టాటిలు హోమరు శిరస్సుపై చేయి వేసి నిలిచియుండు చిత్రమది. సిసిలీ ప్రభువు రుఫో దానికి 500 గిల్డరులు చెల్లించెను. 1961 నవంబరు 15వ తేదీన న్యూయార్కులో ఎరిక్సను దంపతుల ఆస్తి వేలమునకు రాగా, మెట్రోపాలిటన్ ప్రదర్శనశాల ఆ చిత్రమును 23 లక్షల డాలర్లకు పాడుకొనెను. అంతవరకు ఏ చిత్రమును వేలములో అంత ధర పలికియుండలేదు. అందు అరిస్టాటిలు మెడను బరువైన బంగారు గొలుసు వ్రేలాడుచుండును. అతని చేయి మాత్రము అంధకవి శిరస్సుపైనే ఆనియున్నది.