శాంతి కోసం అణువు – డాక్టర్ హోమీ భాభా



మన హాస్టల్‌కు అధికారులు వస్తే ముందుగా అడిగేది స్టాక్ రిజిస్టరు. ఎన్ని బస్తాల బియ్యం వచ్చాయి, ఎంత వండారు, ఎంత మిగిలింది అని చూస్తారు. ప్రపంచంలో యురేనియానికి కూడా ఇలాంటి లెక్కే ఉంది. వియన్నాలోని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ దాన్ని చూస్తుంది. ఆ సంస్థ నియమావళి తయారైనప్పుడు మన దేశం తరఫున గట్టిగా వాదించినవారు డాక్టర్ హోమీ జహంగీర్ భాభా.

ఆయన 1909 అక్టోబరు 30న బొంబాయిలో సంపన్న పార్సీ కుటుంబంలో జన్మించారు. ఇంజనీరింగ్ చదవమని కేంబ్రిడ్జికి పంపితే అది పూర్తిచేసి, మనసుకు నచ్చిన భౌతికశాస్త్రంలోకి మళ్లారు. 1939లో సెలవులకు ఇంటికి వచ్చారు. ఇంతలో రెండో ప్రపంచ యుద్ధం మొదలై ఇక్కడే ఉండిపోయారు. 1945లో టాటా పరిశోధనా సంస్థను స్థాపించారు. 1948లో అణుశక్తి సంఘం అధ్యక్షులయ్యారు. 1956 ఆగస్టు 4న ట్రాంబేలో అప్సర రియాక్టరు పనిచేయడం మొదలైంది. అక్కడ ఎలక్ట్రానిక్స్ విభాగాన్ని నడిపించినవారు మన తెలుగువారైన డాక్టర్ ఎ.ఎస్.రావు గారు.

1955లో జెనీవాలో అణుశక్తి శాంతియుత వినియోగంపై జరిగిన తొలి ప్రపంచ సదస్సుకు భాభాయే అధ్యక్షులు. హైడ్రోజన్ సంలీనం ద్వారా 20 ఏళ్లలో కరెంటు వస్తుందని అక్కడ ఆయన ఊహించారు. 70 ఏళ్లు గడిచినా అది రాలేదు. ఎంతటివారికైనా లెక్క తప్పుతుంది మరి.

అసలు పోరాటం 1956లో న్యూయార్కులో జరిగింది. ఇంధనం, యంత్రాలు సాయంగా తీసుకునే పేద దేశాల్లో తనిఖీలు, సొంతంగా బాంబులు చేసుకున్న పెద్ద దేశాలకు మాత్రం ఏ తనిఖీ లేకపోవడం అన్యాయమని భాభా వాదించారు. కొంత సర్దుబాటు తర్వాతే నియమావళి ఆమోదం పొందింది. 1957 జులై 29న అమల్లోకి వచ్చింది.

ఆయన వాదనలో న్యాయం ఉంది. అయితే అవతలివారి భయం కూడా ఉత్తదేం కాదు. శాంతి కోసమే వాడతామన్న మాట మీద కెనడా సాయంతో కట్టిన సైరస్ రియాక్టరులోని ప్లుటోనియంతోనే 1974లో పోఖ్రాన్ పరీక్ష జరిగింది. ఆ రియాక్టరుపై వియన్నా తనిఖీ లేదు.

కృష్ణమ్మ సముద్రంలో కలిసే హంసలదీవి దగ్గర ఉన్న మనకు ఇదంతా ఎందుకని అనిపించవచ్చు. థోరియం ఉన్న మోనజైట్ ఖనిజం మన ఆంధ్ర తీరపు ఇసుకలోనూ ఉంది. భాభా వేసిన మూడంచెల ప్రణాళికలో చివరి మెట్టు ఆ థోరియమే.

1966 జనవరి 24న ఆయన ఎక్కిన ఎయిరిండియా విమానం ఆల్ప్స్‌లోని మాంట్ బ్లాంక్ శిఖరం దగ్గర కూలిపోయింది. అందులోని 117 మందీ చనిపోయారు. అప్పటికి ఆయన వయసు 56. వియన్నాలో ఆ అణుశక్తి సంస్థ సలహా సంఘం సమావేశానికే ఆయన బయలుదేరారు.

ఇప్పుడు హైదరాబాదులో ఉంటున్న మన పూర్వ విద్యార్థులకు ఈసీఐఎల్ బస్టాపు తెలిసే ఉంటుంది. ఆ పక్కనే ఉన్న అణు ఇంధన సముదాయంలో తారాపూర్ రియాక్టర్లకు ఇంధనం తయారుచేసే భాగం లెక్కలు వియన్నా తనిఖీదారులు చూసేవే.