నిఘంటుకర్త జేమ్సు మర్రే

స్కాట్లండు దేశమున డెన్‌హోమ్ అను చిన్న గ్రామము కలదు. అచ్చట ఒక దర్జీ ఇంట 1837వ సంవత్సరము ఫిబ్రవరి 7వ తేదీన జేమ్సు మర్రే జన్మించెను. తండ్రి సంపాదన కుటుంబపోషణమునకే చాలకుండుటచే బాలుడు పదునాలుగవ యేటనే బడి విడువవలసి వచ్చెను. బడి విడిచెను గాని చదువు విడువలేదు. చేత చిక్కిన పుస్తకమునెల్ల చదువుచు, లాటిను, ఫ్రెంచి, జర్మను మున్నగు భాషలను ఒకదాని వెనుక ఒకటిగా నేర్చుకొనెను. రాళ్లను, మొక్కలను సైతము విడువక పరిశీలించెడివాడు. పదునేడవ యేట హాయిక్ పట్టణమున ఉపాధ్యాయుడై, ఇరువదవ యేట ప్రధానోపాధ్యాయుడయ్యెను.

భార్య అనారోగ్యమువలన ఆయన ఆ కొలువు మానుకొని లండను నగరమునకు వచ్చి, ఒక బ్యాంకులో గుమాస్తాగా చేరెను. అయినను ఆమె బ్రతుకలేదు. కొంతకాలమునకు ఏడా అను విద్యావతిని వివాహమాడి, 1870లో మిల్‌హిల్ పాఠశాలలో మరల ఉపాధ్యాయుడయ్యెను.

లండనులోని భాషాశాస్త్ర పరిషత్తువారు 1857లోనే ఒక మహాకార్యము తలపెట్టియుండిరి. ఆంగ్లభాషలోని ప్రతి పదము ఎప్పుడు పుట్టెను, దాని అర్థము కాలక్రమమున ఎట్లు మారెను అను విషయములను గ్రంథములందలి ఉదాహరణములతో చూపు నిఘంటువును కూర్పవలెనని వారి సంకల్పము. అందులకు ఆంగ్లమున వెలసిన గ్రంథములనెల్ల చదువవలెను. అది పదిమంది పండితులకు సాధ్యమగు పని కాదు. కావున జీతభత్యములు కోరక చదివి పంపువారి సాయమును అర్థించిరి. మొదటి సంపాదకుడు కోల్‌రిడ్జి ముప్పది యేండ్లకే మరణించెను. పిదప వచ్చిన ఫర్నివాల్ ఉత్సాహవంతుడే గాని, క్రమముగా పని నడుపు ఓర్పు ఆయనకు లేదు. 1879వ సంవత్సరము మార్చి 1వ తేదీన ఆ భారము మర్రే తలకెత్తుకొనెను. పదియేండ్లలో నాలుగు సంపుటములు పూర్తికావలెనని ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయమువారితో ఒడంబడిక.

అప్పటివరకు పోగుపడిన చీటీలు బస్తాలతో వచ్చి పడెను. ఒక బస్తాలో చచ్చిన ఎలుక యుండెను. మరియొక దానిలో చుంచెలుక పిల్లలతో కాపురము చేయుచుండెను. పి, ఏ అను అక్షరములతో ఆరంభమగు పదముల చీటీలు ఐర్లండులో ఒక గుఱ్ఱపుశాలలో దొరికెను. అందు పెక్కింటిని అప్పటికే పొయ్యి రాజేయుటకు వాడివేసిరి! మర్రే నిరుత్సాహపడక, పాఠశాల ఆవరణములో ఒక రేకుల కొట్టము వేయించి, గోడలపొడవున వేయికిపైగా అరలు అమర్చెను. దానికి లేఖనశాల యని పేరు.

అనంతరము ఆంగ్లము తెలిసిన జనులకెల్ల ఒక విన్నపమును అచ్చొత్తించి పంపెను. ప్రతి చీటీకి ఎడమ మూలన పదమును, దాని క్రింద గ్రంథకర్త పేరును, గ్రంథము పేరును, సంవత్సరమును, పుటసంఖ్యను, ఆ పదము వచ్చిన వాక్యమును వ్రాయవలెను. చీటీలు వేలకు వేలు రాసాగెను. అయితే పాఠకులు వింతపదములపై చూపిన ఆసక్తి వాడుక పదములపై చూపలేదు. నిందను, దుర్వినియోగమును తెలుపు అబ్యూజ్ అను నిత్యవ్యవహార పదమునకు అయిదు చీటీలైనను లేకుండగా, ఎవ్వరును వాడని అబ్యూజన్ అను దానికి ఏబది వచ్చెనట! 2001లో ఆంగ్లమున వికీపీడియా అను విజ్ఞానసర్వస్వమును అంతర్జాలమున ఆరంభించినవారును ఈ మార్గమునే త్రొక్కిరి. దానిని వ్రాయువారును జీతము లేనివారే.

ఆ సహాయకులలో ఇద్దరి కథ విచిత్రమైనది. ఫిట్జెడ్వర్డు హాల్ అను అమెరికావాడు మన కాశీలో సంస్కృతాచార్యుడుగా నుండినవాడు. తరువాత ఇంగ్లండులోని ఒక పల్లెలో ఏకాంతముగా నివసించుచు, దినమునకు నాలుగేసి గంటలు ఈ నిఘంటువు ప్రూఫులు దిద్దెను. ఇరువది యేండ్లు అట్లు శ్రమించినను ఆయనయు మర్రేయు ఒకరి ముఖమొకరు చూడనేలేదు. రెండవవాడు వైద్యుడైన మైనర్. మతి చలించి 1872లో ఒక నిరపరాధిని కాల్చి చంపుటచే, బ్రాడ్‌మూర్ చికిత్సాలయమున నిర్బంధింపబడెను. ఆ గదిలోనుండియే అతడు ఏండ్ల తరబడి చక్కని చీటీలు పంపెను. 1891లో మర్రే స్వయముగా వెళ్లి అతనిని దర్శించి, అతనియెడ కడవరకు స్నేహము పాటించెను.

పని మాత్రము సాగదాయెను. అయిదేండ్లు గడచి 1884లో మొదటి భాగము వెలువడునప్పటికి, చీమ అను అర్థము గల ఆంట్ పదము కడకే చేరిరి. అది నిజముగా చీమనడకయే. త్వరపడుమని ఆక్స్‌ఫర్డువారు ఒత్తిడి చేసిరి. ప్రమాణము తగ్గించి పని ముగించుటకు మర్రే ఒప్పుకొనలేదు. 1885లో బడిపని పూర్తిగా మాని, ఆక్స్‌ఫర్డులో బాన్‌బరీ రోడ్డు యింటికి మారెను. పెరటిలో కొట్టము కన్నులకు అడ్డమని పొరుగువారు ఆక్షేపింపగా, దానిని కొంత నేలలోనికి దించి కట్టవలసి వచ్చెను. అందుచే లోపల తేమ, చలి. కాళ్లు ఒక పెట్టెలో పెట్టుకొని ఆయన వ్రాసికొనెడివాడు. వచ్చిపోవు ఉత్తరముల రద్దీ చూచి తపాలావారు ఆ యింటి ముందరనే ఒక పెట్టె నిలిపిరి. ఆయన సంతానము పదునొకండుగురు. వారందరును చిన్న బహుమానమునకై చీటీలను అక్షరక్రమమున పేర్చుచు, పేర్చుచునే చదువు నేర్చిరి.

ఇంత జాగ్రత్తలోను ఒక పొరపాటు జరిగెను. దాసి అను అర్థము గల బాండ్‌మెయిడ్ అను పదము చీటీలు ఎక్కడనో జారిపోయెను. 1888లో బి అక్షరము వరకు మొదటి సంపుటము వెలువడగా, అందు ఆ పదము లేకపోయెను. అచ్చయిన పిమ్మట ఆ చీటీలు బయటపడెను. అంతటి నిష్ఠాపరునకు అది ఎంత బాధ కలిగించియుండునో ఊహింపవచ్చును.

1908లో ప్రభుత్వము సర్ బిరుదమొసగెను. ఎనుబదవ జన్మదినమునకు నిఘంటువు ముగింపవలెనని ఆయన యాశ. అది నెరవేరలేదు. టి అక్షరము పదములు దిద్దుచు, 1915వ సంవత్సరము జూలై 26వ తేదీన ఆయన కన్నుమూసెను. గ్రంథములో దాదాపు సగము ఆయన సంపాదించినదే. మిగిలిన పనిని బ్రాడ్లీ, క్రేగీ, అనియన్సు అను సహసంపాదకులు కొనసాగించిరి. నాలుగు సంపుటములనుకొన్న నిఘంటువు పది సంపుటములై, నాలుగు లక్షలకు మించిన పదములతో 1928లో పూర్తియయ్యెను. తప్పిపోయిన ఆ దాసీపదమునకు 1933లో వెలువడిన అనుబంధ సంపుటమున చోటు దొరికెను.