మట్టి చదివిన వలస ఇంజనీరు
హామిల్టన్ చుట్టుపక్కల చాలాచోట్ల పీట్ నేల. నల్లగా, మెత్తగా, నీళ్లు పట్టి ఉంటుంది. బరువు పడితే కుంగుతుంది. అందుకే ఇల్లు కట్టేముందు మట్టి ల్యాబుకొస్తుంది. అక్కడ పనిచేసే మనం కార్ల్ టెర్జాగిని తలుచుకోవాలి.

ఆయన 1883లో ప్రాగ్‌లో పుట్టారు. 1916లో ఇస్తాంబుల్‌కు పాఠాలు చెప్పడానికి వెళ్లారు. యుద్ధం ముగిసేసరికి ఆ ఉద్యోగం పోయింది. అయినా అక్కడే రాబర్ట్ కాలేజీలో చేరి, సిగార్ పెట్టెలతో, పారేసిన సామానుతో పరికరాలు చేసుకున్నారు. బరువు పడ్డ బంకమట్టిలోంచి నీరు మెల్లగా పోతుందని, కట్టడాలు ఏళ్లతరబడి కుంగేది అందుకేనని లెక్కకట్టి, 1925లో పుస్తకం వేశారు. 1938లో మళ్లీ వలస, అమెరికాకు. 1963లో కన్నుమూశారు.

ఇప్పటికీ ఒక్కో బరువు పెట్టి రోజంతా కొలతలు తీస్తున్నామంటే అది ఆయన చూపిన దారే. ఎవరు తొందరపెట్టినా రీడింగ్ ఎగ్గొట్టొద్దు. ఆ గోడల మధ్య రేపు పిల్లలు నిద్రపోతారు.