అన్నను వెతుకుతూ వెళ్లిన జహీర్ రైహాన్

ఈయన పేరు మన హాస్టల్ మిత్రుల్లో చాలామంది విని ఉండరు. బంగ్లాదేశ్‌లో మాత్రం ఎంతో ప్రసిద్ధుడు. రచయిత, పాత్రికేయుడు, సినిమా దర్శకుడు. అన్నిటికంటే ముఖ్యంగా 1971 యుద్ధాన్ని కెమెరాతో చరిత్రకెక్కించిన వ్యక్తి.

జహీర్ రైహాన్ 1935 ఆగస్టు 19న, ఇప్పటి ఫేనీ జిల్లాలోని మజుపూర్ గ్రామంలో జన్మించారు. 1950లోనే ‘యుగేర్ ఆలో’ పత్రికలో విలేకరిగా చేరారు. 1952 ఫిబ్రవరి 21న బెంగాలీ భాష కోసం ఢాకా విద్యార్థులు 144 సెక్షన్‌ను ధిక్కరించినప్పుడు, మొదట బయటికొచ్చిన పదిమందిలో ఈయన ఒకరు. జైలుకు వెళ్లారు. అప్పటికి వయసు పదహారే. తర్వాత ఢాకా విశ్వవిద్యాలయంలో బెంగాలీ సాహిత్యం చదివారు, నవలలు రాశారు, సినిమాల్లోకి వచ్చారు. 1964లో తీసిన ‘సంగమ్’ పాకిస్థాన్‌లో మొదటి రంగుల చిత్రం.

1970లో ‘జీబన్ థేకే నేయా’ తీశారు. పైకి అదొక కుటుంబ కథ. తాళాల గుత్తి తన దగ్గర పెట్టుకుని ఇంటిల్లిపాదినీ ఆడించే పెద్దాడపడుచు కథ. నిజానికి ఆ ఇల్లు తూర్పు పాకిస్థాన్, ఆ గుత్తి అయూబ్ ఖాన్ పాలన. చూసినవాళ్లకు విడమరచి చెప్పనక్కర్లేకపోయింది.

1971 మార్చి 25 రాత్రి పాక్ సైన్యం ఢాకా మీద విరుచుకుపడింది. జహీర్ సరిహద్దు దాటి కలకత్తా చేరారు. చేతిలో డబ్బు లేదు. అయినా అక్కడ తన సినిమా ఆడగా వచ్చిన సొమ్మును పోరాట నిధికే ఇచ్చేశారు. శరణార్థుల మధ్య తిరిగి ‘స్టాప్ జెనోసైడ్’ అనే డాక్యుమెంటరీ తీశారు. నిడివి ఇరవై నిమిషాలే. ఆ ఏడాది మన దేశానికి దాదాపు కోటిమంది శరణార్థులు వచ్చారు. అంకె చదివితే మనసుకు ఎక్కదు. నడుం వంగిపోయిన ముసలమ్మ నడక చూస్తే, నోట మాట రాని అమ్మాయి ముఖం చూస్తే ఎక్కుతుంది. నేను మిత్రుడి ఫోన్‌లో చూశాను. మెస్ గంట కొట్టినా లేవలేకపోయాను.

జహీర్ అన్న షహీదుల్లా కైసర్ కూడా పాత్రికేయుడే, నవలాకారుడే. తమ్ముడి కంటే ఎనిమిదేళ్లు పెద్ద. విజయానికి రెండు రోజుల ముందు, డిసెంబరు 14న, అల్‌బదర్ ముఠా ఆయన్ని ఢాకాలోని ఇంటి నుంచి పట్టుకుపోయింది. జహీర్ తిరిగొచ్చేసరికి దేశం వచ్చింది, అన్న లేడు. మా అన్న కూలికి వెళ్లి నన్ను చదివించాడు. మా ఇంట్లో డిగ్రీ చేసిన మొదటివాణ్ణి నేను. అందుకేనేమో ఈ భాగం నాకు చదవడం కష్టమైంది.

మేధావుల హత్యలపై విచారణకు జహీర్ ఒక కమిటీ ఏర్పాటు చేశారు, ఆధారాలు సేకరించసాగారు. ఇంతలో అన్న మీర్పూర్‌లో బతికే ఉన్నాడని కబురు అందింది. ఢాకా పక్కనే ఉన్న ఆ ప్రాంతం అప్పటికింకా పాకిస్థాన్ పక్షపు సాయుధుల చేతిలోనే ఉంది. 1972 జనవరి 30న జహీర్ అక్కడికి బయలుదేరారు. ఆ రోజు అక్కడికి వెళ్లిన సైనికులు, పోలీసుల మీద కాల్పులు జరిగాయి.

ఆయన తిరిగి రాలేదు. శరీరం కూడా దొరకలేదు. వయసు ముప్పైఆరు. యుద్ధానికి ముందు మొదలుపెట్టిన ‘లెట్ దేర్ బి లైట్’ చిత్రం సగంలోనే ఉండిపోయింది.